పిల్లికూతలు లేని రోజున కూడా పంపు ఎందుకు?

అమ్మా, మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి ముందు నాకు అర్థమైనంత కుదించి చెబుతాను. బాబుకు ఏడేళ్లు. మూడో ఏట నుంచి జలుబు చేస్తే చాలు, రెండో రోజుకల్లా పిల్లికూతలు, ఆయాసం. ఈ చలికాలంలోనే ఐదుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లి నెబులైజర్ (మందును పొగమంచులా చేసి పీల్పించే మిషను) పెట్టించారు. ఈసారి డాక్టరుగారు రెండు ఇన్‌హేలర్లు (మనం పంపు అనేవి), ఒక స్పేసర్ (పంపుకు తగిలించి పీల్చే గొట్టం) రాసి, ఒకటి రోజూ వాడమన్నారు. రెండు వారాలు వాడారు, బాబు హాయిగా ఉన్నాడని ఆపేశారు, నాలుగో వారంలో మళ్లీ అర్ధరాత్రి పరుగు. మీవారు గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లో గుమాస్తా. ఇంట్లో మూడు నెలల పాప కూడా ఉంది. "పంపు అలవాటైతే జీవితాంతం వదలదు, మృగశిర కార్తెకు హైదరాబాద్ తీసుకెళ్లి చేప మందు వేయిద్దాం" అని మీ అత్తగారు. ఊరు మారితే తగ్గుతుందా అని మీ చివరి ప్రశ్న.

నేను డాక్టరును కాను. గుంటూరులో పిల్లల వార్డులో 28 ఏళ్లు నర్సుగా పనిచేశాను. అందులో చివరి పదేళ్లూ ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో పిల్లలకు, తల్లులకు, ముఖ్యంగా నాయనమ్మలకు నేర్పడమే నా పని. మందు మోతాదు పెంచడం, తగ్గించడం మీ డాక్టరుగారు చూసుకోవాలి. నేను చెప్పేదంతా ఇంట్లో జరగవలసిన పని గురించి.

"తగ్గింది కదా అని ఆపేశాం" అని కాస్త తప్పు చేసినట్లు రాశారు. ఇందులో మిమ్మల్ని అనవలసింది తక్కువ. జ్వరం తగ్గితే మాత్ర ఆపుతాం, విరేచనాలు కట్టుకుంటే మందు ఆపుతాం. ఆ అలవాటుతోనే దీన్నీ ఆపారు. బాబుది ఆస్తమా, అది ఆ లెక్కలో నడవదు. నోరు పూసినప్పుడు ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి. రోజూ ఇష్టంగా తినే ఆవకాయ ముద్దే ఆ రోజు నిప్పులా తగులుతుంది. కారం మారలేదు, లోపల పొర మారింది. బాబు ఊపిరి గొట్టాల లోపలి పొర అలా ఎర్రగా వాచి ఉంది. వీధిలో పదిమంది పిల్లలు పీల్చే గాలే వాడూ పీలుస్తున్నాడు, వాళ్లకు ఏమీ కాదు, వీడికి మాత్రం గొట్టాల చుట్టూ ఉన్న సన్నని కండరాలు బిగుసుకుంటాయి, లోపల జిగురు కఫం ఊరుతుంది. గాలి లోపలికి ఎలాగో వెళ్తుంది, బయటికి రావడానికి దారి చాలదు. అందుకే కూత ఊపిరి వదిలేటప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది. కూత ఆగిన మరునాడు కూడా వాపు అక్కడే ఉంటుంది. అది మీకు వినపడదు, అంతే.

ఇప్పుడు రెండు పంపుల సంగతి. నీలం రంగుది సాధారణంగా సాల్బుటమాల్ లేదా లెవోసాల్బుటమాల్. బిగిసిన కండరాన్ని కొద్ది నిమిషాల్లో వదులు చేస్తుంది, నాలుగైదు గంటలు పనిచేస్తుంది. వాపును మాత్రం ముట్టుకోదు. రెండోది బుడెసొనైడ్ లేదా ఫ్లుటికాసోన్ లాంటి స్టెరాయిడ్ మందు. ఇది వాపు మీద పనిచేస్తుంది, కానీ నిదానంగా. తేడా తెలియడానికి రోజులు, పూర్తి ఫలితానికి వారాలు పడుతుంది. అందుకే పిల్లలు "ఇది పీలిస్తే ఏమీ కావడం లేదు" అంటారు, పెద్దలు కూడా నమ్ముతారు. కంపెనీని బట్టి రంగులు మారతాయి కాబట్టి రంగును నమ్ముకోకండి. రెండింటి మీదా తెల్ల ప్లాస్టర్ అంటించి ఒకదాని మీద "రోజూ", రెండోదాని మీద "ఆయాసానికి" అని పెద్ద అక్షరాలతో రాయండి. అర్ధరాత్రి కంగారులో తప్పు డబ్బా తీసినవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను.

ఆసుపత్రిలో నెబులైజర్‌లో పోసేది కూడా ముఖ్యంగా ఆ నీలం డబ్బాలోని మందే. అంటే మీరు ఐదుసార్లు పరుగెత్తినప్పుడు ఐదుసార్లూ కండరం వదులైంది. మధ్యలో ఉన్న వారాల్లో వాపును పట్టించుకున్నవాళ్లు లేరు. ఆస్తమా వైద్యానికి ప్రపంచమంతటా ఆధారంగా తీసుకునే జీనా మార్గదర్శకాల్లో 2019లో వచ్చిన పెద్ద మార్పు కూడా ఈ విషయం మీదే. పెద్దలకైనా, 12 ఏళ్లు దాటిన పిల్లలకైనా వాపు తగ్గించే మందు లేకుండా నీలం మందు ఒక్కటే ఇచ్చి పంపవద్దని అప్పుడు తేల్చి చెప్పారు. ఏడాదిలో మూడు నీలం డబ్బాలు ఖాళీ చేసినవారికి తీవ్రమైన ఆయాసం వచ్చే ప్రమాదం ఎక్కువని కూడా వాళ్లు హెచ్చరిస్తారు. మీ ఇంట్లో నీలం డబ్బా ఎన్నాళ్లకు అయిపోతోందో చూసుకుంటే, బాబు ఎలా ఉన్నాడో అదే చెబుతుంది.

స్టెరాయిడ్ అన్న మాట వినగానే మీవారు భయపడ్డారని రాశారు. భయం సహజమే, లెక్క కూడా చూడండి. పీల్చే మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. రోజుకు 200 మైక్రోగ్రాములంటే 0.2 మిల్లీగ్రాము. ఆయాసం ముదిరినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ 20 మిల్లీగ్రాములు అనుకున్నా, అది దీనికి వంద రెట్లు. రెండూ ఒకే మందు కాదు కాబట్టి వందకు వంద పోల్చకూడదు గానీ, మాత్ర ఒంటినిండా పాకుతుంది, పీల్చే మందు ముఖ్యంగా ఊపిరి గొట్టాల మీద పడుతుంది. రోజూ పంపు మానేసి ఏడాదికి నాలుగైదుసార్లు ఆ మాత్రలు మింగించడమే అసలు స్టెరాయిడ్ ఎక్కువ వాడటం. ఎత్తు సంగతి కూడా దాచను. అమెరికాలో బుడెసొనైడ్ నాలుగు నుంచి ఆరేళ్లపాటు పీల్చిన పిల్లలను పెద్దయ్యేదాకా గమనించారు. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం, వాడనివారికంటే వాళ్ల ఎత్తు సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ. ఉన్న తేడా అంత. నిద్రలేని రాత్రులు, మానేసిన బడి, ఆటకు పోని సాయంత్రాలు పక్కన పెట్టి చూస్తే ఏది ఎక్కువ ఖరీదో మీరే చెప్పండి. అయినా అవసరమైన కనీస మోతాదులోనే వాడాలి. సుమారు మూడు నెలలు పూర్తిగా అదుపులో ఉంటే డాక్టరుగారే తగ్గిస్తారు. ఆపడం కూడా వైద్యంలో భాగమే, కాకపోతే అది మీరు ఇంట్లో తీసుకునే నిర్ణయం కాదు.

"అలవాటు పడతాడు" అన్న మాటకు ఇంతకుముందు వాదించేదాన్ని. వాదనతో ఒక్క నాయనమ్మ కూడా మారలేదు. తర్వాత పద్ధతి మార్చాను. పాత గుంటూరు నుంచి ఒకావిడ మనవడిని తీసుకొచ్చేది. పంపు అంటే కోడలి మీద కస్సుమనేది. ఒక రోజు స్పేసర్ ఆవిడ చేతికే ఇచ్చి, "అమ్మగారూ, లెక్కపెట్టే పని మీది" అన్నాను. ఆవిడ బొటనవేలు చిటికెన వేలి కణుపు మీద పెట్టి, జపం చేసుకున్నట్లు ఒకటి, రెండు, మూడు అని ఆరు ఊపిర్లు లెక్కపెట్టింది. తర్వాతి నెల వచ్చినప్పుడు కోడలిని పక్కకు నెట్టి, "దీనికి చేతకాదు, నేనే వేయిస్తున్నాను" అంది. మీ అత్తగారి విషయంలో కూడా ఇదే ప్రయత్నించండి. పొద్దున, రాత్రి పంపు వేయించే అధికారం ఆవిడకు ఇవ్వండి.

ఇప్పుడు అసలు పని. పంపు పనిచేయడం లేదని వచ్చినవాళ్లలో సగానికి పైగా మందు నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. అందుకే ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను. బాబును నిటారుగా కూర్చోబెట్టండి లేదా నిలబెట్టండి. పంపు మూత తీయండి. నవ్వకండి, మూత తీయకుండా స్పేసర్‌కు తగిలించబోయినవాళ్లు ఉన్నారు. మూత పోగొట్టి పంపును సంచిలో వేసుకుంటే, నోరుపెట్టే చోట చిల్లర నాణెమో పెన్సిల్ ముక్కో దూరుతుంది కాబట్టి ఒకసారి లోపలికి చూడండి. గట్టిగా ఊపండి. స్పేసర్ వెనక తగిలించండి. మీకు షాపులో మాస్కు ఉన్న స్పేసర్ ఇచ్చారని రాశారు. మాస్కు నాలుగేళ్ల లోపు పిల్లలకు. ఏడేళ్లవాడు మాస్కులో ముక్కుతో పీలిస్తే మందులో చాలా భాగం ముక్కులోనే ఆగిపోతుంది. మాస్కు ఊడదీసి గొట్టాన్నే పళ్ల మధ్య పెట్టించి, చుట్టూ పెదవులు మూయించండి. ఒక్కసారి నొక్కండి. నెమ్మదిగా ఐదారు ఊపిర్లు, ప్రతిసారీ లోపలి కవాటం కదలడం కనిపించాలి. ఈలలాంటి చప్పుడు వస్తే వేగంగా పీలుస్తున్నాడని అర్థం. అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, రెండో పఫ్. రెండు పఫ్‌లూ ఒకేసారి నొక్కేసి పీల్పించడం చాలామంది చేసే తప్పు. బిందువులన్నీ ఒకదానికొకటి అంటుకుని స్పేసర్ గోడకు పట్టేస్తాయి.

ఏడుస్తున్నప్పుడు వేస్తే మందు సరిగా లోపలికి వెళ్లదు. నిద్రలో ఉన్నవాడి ముఖం మీద మాస్కు పెట్టి వేయడం కూడా అంతే. మీ పాపకు ముందుముందు అవసరం పడితే గుర్తుంచుకోండి.

స్పేసర్‌ను నెలకోసారి గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి తీసి, గాలికి ఆరబెట్టాలి. గుడ్డతో తుడవకూడదు. దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కల దగ్గర పెడితే ఎగిరి అంటుకుంటాయి చూడండి, పొడిగుడ్డతో రుద్దిన స్పేసర్ గోడకు మందు అలాగే అంటుకుంటుంది. కొత్త స్పేసర్‌ను కూడా ఒకసారి ఇలా ముంచి ఆరబెట్టాకే వాడాలి.

రోజూ వాడే పంపును పళ్లు తోముకునే బ్రష్షు పక్కనే పెట్టండి. ముందు పంపు, తర్వాత బ్రష్షు. నోరు పుక్కిలించి ఉమ్మడం దానంతటదే జరిగిపోతుంది. పుక్కిలించకపోతే కొందరికి నోట్లో తెల్లని పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం, డబ్బా అయిపోవడం. ఒక అబ్బాయికి నెల రోజులుగా రోజూ వేస్తున్నాం, అయినా తగ్గడం లేదని తల్లి బావురుమంది. డబ్బా తెచ్చి చూపించమన్నాను. నొక్కితే బుస్సుమని వచ్చింది. కానీ కొన్న తేదీ అడిగి లెక్కేస్తే మందు ఎప్పుడో అయిపోయింది. మామూలుగా ఇన్‌హేలర్‌లో 200 పఫ్‌లు ఉంటాయి. ఆ తర్వాత కూడా గాలిని తోసే వాయువు మిగిలి ఉండి బుస్సుమంటూనే ఉంటుంది, మందు ఉండదు. కొన్ని డబ్బాలు 120 పఫ్‌లవి, అట్ట మీద చూడండి. పొద్దున రెండు, రాత్రి రెండు వేస్తే 200 పఫ్‌ల డబ్బా 50 రోజులు. లెక్క చూపే మీటరు ఉన్నదైతే సరే సరి. నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పాత చిట్కా నమ్మదగింది కాదు.

గొట్టం మాత్రలా (క్యాప్సూల్‌లా) ఉండే పొడి మందు గురించి కూడా ఒక మాట. దాన్ని ఒక పరికరంలో పెట్టి పీల్చాలి, గట్టిగా లాగగల పెద్ద పిల్లలకే నప్పుతుంది. ఆ గొట్టాలను రోజూ మంచినీళ్లతో మింగించిన ఇల్లు నాకు తెలుసు. అలాగే ఆయాసానికి ఇచ్చే సాల్బుటమాల్ సిరప్. కడుపులోంచి పోయి పనిచేయాలి కాబట్టి ఆలస్యం, పైగా చేతులు వణకడం, గుండెదడ. పంపు ఉన్న ఇంట్లో సిరప్‌తో పని లేదు. ఇంటికి నెబులైజర్ మిషను కొనాలా అని అడిగారు. మామూలు ఆయాసంలో స్పేసర్‌తో వేసిన పంపు మిషనుకు ఏమీ తీసిపోదు. మిషను చప్పుడు చేస్తుంది, పొగలాంటిది వస్తుంది కాబట్టి మందు బాగా పడిందనిపిస్తుంది. ఆ తృప్తి కోసం డబ్బు పెట్టకండి.

ఇక ఇల్లు. మీవారి యార్డు గురించి ముందు చెప్పాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రోజుకు లక్ష టిక్కీలు (మిరప బస్తాలు) దాటి వచ్చే చోట గాలి ఎలా ఉంటుందో ఆ దారిన వెళ్లిన ప్రతివారికీ తెలుసు. మిరప ఘాటు నేరుగా నరాలను గిల్లి దగ్గు తెప్పిస్తుంది, ఆస్తమా లేనివారికి కూడా. బాబు గొట్టాలు ముందే వాచి ఉన్నాయి కాబట్టి వాడికి ఆ దగ్గు ఆయాసంగా మారుతుంది. మీవారు ఉద్యోగం మానక్కర్లేదు. ఇంటికి రాగానే చొక్కా, లుంగీ వరండాలోనే విప్పి బకెట్‌లో వేయాలి, తల తడిపి స్నానం చేశాకే పిల్లలను ఎత్తుకోవాలి. తలకు కట్టుకున్న తువ్వాలు పిల్లల మంచం మీద వేయకూడదు. తొడిమలు తీసే పనికి వెళ్లే తల్లులకు కూడా నేను ఇదే చెబుతాను. వాళ్ల జడలో, చీర కుచ్చెళ్లలో ఆ దుమ్ము ఇంటిదాకా వస్తుంది. ఇంట్లో కారం కొట్టించే రోజున, డాబా మీద మిరపకాయలు ఆరబోసి ఎత్తే రోజున బాబును వేరే ఇంటికి పంపండి.

ఇంకో పని చేయండి. ఒక నోటుపుస్తకంలో రోజుకు ఒక వరస: రాత్రి దగ్గాడా, నీలం పంపు ఎన్నిసార్లు వేశారు, ఆ రోజు ఏం జరిగింది. మేలో యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు దగ్గు తగ్గిందా అని పేజీలు తిరగేసి చూడవచ్చు. అయితే ఆ నెలలో బడి కూడా ఉండదు, జలుబులు తక్కువ. ఒక్క వేసవి చూసి తీర్పు చెప్పకండి. పిల్లల్లో ఆయాసాన్ని రేపేది అన్నిటికంటే ఎక్కువగా జలుబే.

దోమల కాయిల్ గురించి మీరు అడగలేదు, కానీ గుంటూరులో కాలువ పక్క ఇల్లంటున్నారు కాబట్టి వెలిగిస్తూనే ఉంటారు. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కాయిల్‌లు కాల్చి కొలిచారు. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని తేలింది. మీవారు బీడీ కూడా ముట్టరని గొప్పగా రాశారు, సంతోషం. కాయిల్ మాని దోమతెర కట్టండి. అగరొత్తులు, పొగ వచ్చే ధూప్ కూడా అదే కోవ. దేవుడి దగ్గర నూనె దీపం చాలు.

సాంబ్రాణి మాట ఎత్తితే మీ అత్తగారికి కోపం వస్తుందని తెలుసు. చంటిపాపకు తలంటు పోసి, బొగ్గుల మీద సాంబ్రాణి వేసి, బుట్ట బోర్లించి పొగ పట్టడం మా అమ్మ నాకూ చేసింది. తడి ఆరడానికీ, సువాసనకూ పుట్టిన అలవాటు అది. అన్న ఊపిరి ఇలా ఉన్న ఇంట్లో మూడు నెలల పాప ఊపిరితిత్తులకు పొగ అలవాటు చేయవద్దు. మెత్తని పాత పంచెతో తల తుడిచి, వెచ్చగా ఒళ్లో పెట్టుకోమనండి. బాబు పక్క గదిలో ఉన్నా ఆ పొగ వాడి దాకా వస్తుంది.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి, మన ఊరిలో ఎండకు కరువు లేదు. దూది బొమ్మలు మంచం మీద వద్దు. ఊడ్చే బదులు తడిబట్టతో తుడవండి, బాబు ఇంట్లో లేనప్పుడు బూజు దులపండి. ఎయిర్ కూలర్ గడ్డి నల్లబడి వాసన వేస్తుంటే అది బూజే, ఏటా వేసవి మొదట్లో మార్చండి. భోగి మంటల దగ్గర, ముఖ్యంగా టైర్లూ ప్లాస్టిక్కూ వేసేచోట, నిలబెట్టకండి. పెరుగు, అరటిపండు, జామకాయ మాన్పించారట. తింటే నిజంగా ఆయాసం వచ్చినట్లు మీ పుస్తకంలో మళ్లీ మళ్లీ కనబడితే తప్ప మాన్పించనక్కర్లేదు. ఎదిగే పిల్లవాడి కడుపు కొట్టడమే అది. ఏటా ఫ్లూ టీకా గురించి డాక్టరుగారిని అడగండి.

ఇప్పుడు ఆ రాత్రి గురించి. దాడి వచ్చినప్పుడు ఏం చేయాలో డాక్టరుగారి చేత ఒక కాగితం మీద తెలుగులో రాయించుకుని వంటింటి గోడకు అంటించండి. మామూలుగా ఇలా ఉంటుంది. బాబును కాస్త ముందుకు వంచి కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు. నీలం పంపు స్పేసర్‌తో, ఒక్కొక్క పఫ్ చొప్పున, కాగితంలో రాసినన్ని వేయాలి. 20 నిమిషాలు చూసి తగ్గకపోతే మళ్లీ అన్ని. గంటలో మూడు విడతలు వేసినా ఊరట లేకపోయినా, ఊరట వచ్చి నాలుగు గంటల లోపే మళ్లీ మొదలైనా ఆసుపత్రికి వెళ్లాలి.

కొన్ని గుర్తులు కనబడితే 20 నిమిషాలు కూడా ఆగకూడదు. డొక్కలు ఎగరేస్తున్నాడు, మెడ దగ్గర గుంట లోపలికి పోతోంది, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేక రెండు మాటలకే ఆగుతున్నాడు, నాలుక, పెదవి లోపలి భాగం నీలంగా మారాయి, మగతగా పడి ఉన్నాడు. ఇవి కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా, దారిలో కూడా నీలం పంపు వేస్తూనే ఉండండి. "ఎక్కువైపోతుందేమో" అన్న భయం ఆ సమయంలో వద్దు.

ఒక్క సంగతి నా మనసులోంచి పోదు. ఒక తండ్రి తెల్లవారుజామున బిడ్డను భుజం మీద వేసుకొచ్చి, "ఇంటి దగ్గర బాగా కూత ఉండేది సిస్టర్, దారిలో ఆగిపోయింది, తగ్గినట్లుంది" అన్నాడు. తగ్గలేదు. గాలి కదలడమే ఆగిపోతోంది కాబట్టి కూత వినబడలేదు. డొక్కలు ఎగురుతుంటే, బిడ్డ అలసిపోయి ఉంటే, నిశ్శబ్దం మంచి గుర్తు కాదు. ఆ బిడ్డ బతికాడు, పదిరోజులు వార్డులో ఉన్నాడు.

మరుగుతున్న నీళ్ల ఆవిరి పట్టించడం, ఛాతీకి ఘాటు తైలాలు రుద్దడం ఆ సమయంలో చేయకండి. ఆవిరి ఆస్తమాకు మందు కాదు, పైగా నీళ్లు ఒలికి కాలిన పిల్లలు ఏటా వార్డుకు వచ్చేవారు. చేతిలో పంపు ఉండి స్పేసర్ దొరక్కపోతే అర లీటరు మంచినీళ్ల సీసా ఖాళీ చేసి, అడుగున పంపు మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి, సీసా మూతి నోట్లో పెట్టించి వేయవచ్చు. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరీక్షించి 1999లో చూపించారు, కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసింది.

దాడులు లేని నెలలో కూడా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. గడిచిన నాలుగు వారాల్లో పగలు దగ్గు, కూత వారానికి రెండుసార్లకు మించి వచ్చాయా? నీలం పంపు వారానికి రెండుసార్లకు మించి వేశారా? రాత్రి దగ్గుతో లేచాడా? ఆటలో మధ్యలో ఆగాడా? ఒక్కదానికి "అవును" అన్నా డాక్టరుగారికి చెప్పాలి. రాత్రి దగ్గును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు ఊపిరి గొట్టాలు అందరిలోనూ కాస్త సన్నబడతాయి. వీడికి ఆ కాస్త కూడా ఎక్కువే.

మాంటెలుకాస్ట్ మాత్ర కూడా ఇస్తున్నారని రాశారు. కొందరు పిల్లల్లో పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు రావచ్చని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ తన గట్టి హెచ్చరికను దాని మీద వేయించింది. అలాంటిది కనిపిస్తే వెంటనే డాక్టరుగారికి చెప్పండి.

బడి, క్రికెట్. ఆట మాన్పించకండి. ఆటకు 10, 15 నిమిషాల ముందు నీలం పంపు వేసి పంపడం గురించి డాక్టరుగారిని అడగండి. బడిలో ఒక నీలం పంపు, స్పేసర్ ఉండాలి, హెడ్‌మాస్టరు బీరువాలో తాళం వేసి కాదు, తరగతి టీచరు అందుకోగల చోట. గోడ మీద అంటించిన కాగితం నకలు కూడా ఇవ్వండి. తోటి పిల్లలు ఎగతాళి చేస్తారని దాచి పీల్చే పిల్లలుంటారు. బాబుకు ఒక కథ చెప్పండి. చేతిలో పట్టే ఈ పంపు పుట్టడానికి కారణం ఒక 13 ఏళ్ల అమ్మాయి. అమెరికాలో ఒక మందుల కంపెనీ పెద్ద కూతురికి ఆస్తమా. అప్పట్లో గాజు బుడ్డికి తగిలించిన రబ్బరు బంతిని పిసికి పీల్చేవారు. "జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బాలా నా మందును ఎందుకు చేయరు నాన్నా?" అని అడిగిందట. 1956లో మొదటి పంపు దుకాణాల్లోకి వచ్చింది.

చేప ప్రసాదం. మీ అత్తగారి నమ్మకాన్ని నేను కించపరచను. మా వార్డు నుంచి కూడా వెళ్లినవాళ్లున్నారు. కానీ బాబుకు వద్దని చెబుతాను. ఆయాసం ఉన్న పిల్లవాడి గొంతులోకి బతికున్న కొర్రమీను పిల్లను దింపడం, జూన్ రద్దీలో నాంపల్లి మైదానంలో గంటలు నిలబడటం, రెండూ నాకు నచ్చవు. దానితో ఆస్తమా నయమవుతుందనడానికి రుజువు లేదు. ఆస్తమా తనంతట తానే కొన్ని నెలలు అణిగి ఉండే జబ్బు. చలికాలమంతా బాధపడినవాడు జూన్‌లో బాగుంటే ఆ ఘనత చేపకు పోతుంది. నేను చూసిన అసలు నష్టం అక్కడ జరగలేదు. తిరిగొచ్చాక "ఇక మందుతో పని లేదు" అని రోజూ వేసే పంపు ఆపేశారు. శ్రావణం వానల్లో వచ్చారు మా దగ్గరికి. అత్తగారు మొక్కు తీర్చుకోవాలంటే ఆవిడను పంపండి, బాబు పంపు మాత్రం ఆ రోజు కూడా ఆగకూడదు.

ఊరు మారడం గురించి. విజయవాడ వెళ్తే బెంజి సర్కిల్ పొగ, ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ బూడిద. పల్లెకు వెళ్తే వరిగడ్డి కాల్చే రోజులు, పుప్పొడి, కట్టెల పొయ్యి. బాబుతో పాటు వాడి గొట్టాల వాపు కూడా ఊరు మారుతుంది. చిన్నప్పుడు జలుబుతో మాత్రమే కూత వచ్చే పిల్లల్లో చాలామందికి ఆరేళ్లు వచ్చేసరికి అది పోతుంది. మీవాడికి ఏడేళ్లు వచ్చినా ఉంది కాబట్టి దీన్ని ఆస్తమాగానే చూడాలి. యార్డుకు రెండు వీధుల దూరంలో అద్దె ఇల్లు అయితే, అద్దె కుదిరినప్పుడు కాస్త దూరంగా మారండి. అంతకుమించి ఉద్యోగం వదులుకుని ఊరు దాటవద్దు.

వచ్చే వారం డాక్టరుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు పంపులు, స్పేసర్, నోటుపుస్తకం సంచిలో పెట్టుకెళ్లండి. అత్తగారిని కూడా తీసుకెళ్లి, బాబుకు పంపు ఆవిడ చేతే అక్కడ వేయించండి. నర్సు ఒకసారి చూసి సరిదిద్దితే చాలు. రోజూ వాడే డబ్బా ఎప్పుడు మొదలుపెట్టారో మీరు రాయలేదు. ఇప్పుడే లేచి వెళ్లి, ఆ తెల్ల ప్లాస్టర్ మీద తేదీ రాసి రండి.